క్షమించాలంటే సంతకం పెట్టాలా?

ఉద్దానం అమ్మ (ప్రశ్న)
గురువారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి పక్క ఊరు. నేను చెప్తంటే మా గుంట టైపు చేస్తంది. ఇంటరు రెండో ఏడు చదువుతంది, తప్పులుంటే దాన్ని అనండి. (తప్పులు అమ్మవే. అన్నది అన్నట్టు కొడుతున్నాను.)

సంగతేటంటే, నిన్న సాయంత్రం మా గుడి పాస్టరు అయ్యగారూ, మా ఆయన అన్న, మా బావగారూ ఇంటికొచ్చారు. బావ మా గుమ్మం తొక్కి నాలుగేళ్లు దాటింది. నేను అప్పుడే జీడి పని నుంచి వచ్చి చేతులకి నూనె రాసుకుంటన్నాను. ఆ చేతుల్తోనే కుర్చీలేసాను. అయ్యగారు మత్తయి పద్దెనిమిదో అధ్యాయం చదివారు, డెబ్బది ఏళ్ల మారులు అన్నది. ప్రార్థన చేసారు. బాగానే చేసారు, నాకు కళ్లంట నీళ్లొచ్చాయి కూడా. బావ కూడా ఏడ్చినాడు. నేను టీ పెట్టి ఇచ్చాను.

అయ్యగారు లేవబోతంటే బావ జేబులోంచి ఒక మడత కాగితం తీసినాడు. "ఇదొక్కటి అయిపోతే ఇంక మన మధ్య ఏటీ ఉండదమ్మా" అన్నాడు. స్టాంపు కాగితం. మా గుంట చదివింది. హక్కు విడుదల పత్రమట. కొబ్బరితోటలో నాకూ నా పిల్లలకీ ఏ హక్కూ లేదని. అయ్యగారికి ఆ కాగితం సంగతి ముందు తెల్దనే నేననుకుంటన్నాను. గ్లాసు కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టారు. కానీ వద్దని కూడా అనలేదు.

తోట మా మావది. ఎకరం యాభై సెంట్లు. మావ 2016లో పోయాడు. పెద్దోడని పాసుపుస్తకం బావ పేరున మారింది. మా ఆయన నోరెత్తలేదు, అన్న కదా అని. కాయలు తీసినప్పుడల్లా సగం డబ్బు ఇచ్చేవోడు, అబద్ధమెందుకు. 2018లో మా ఆయనకి కిడ్నీలు పోయాయి. మా పక్క ఇది కొత్త కాదు, ఏ వీధిలో అడిగినా చెప్తారు. వారానికి రెండుసార్లు సోంపేట డయాలసిస్. అదే ఏడు అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. నూట పది చెట్లుండేవి మాకు, తెల్లారి చూస్తే పదిహేడు నిలబడి ఉన్నాయి. మా ఆయన మంచం మీంచి లేచొచ్చి తోట గట్టు మీద కూర్చున్నాడు. మాటాడలేదు. మా పక్క కొబ్బరి చెట్టుని ఇంటికి పెద్దకొడుకంటారు. అన్నేసి కొడుకులు ఒక్క రాత్రికే పోతే మనిషేటి మాటాడతాడు.

చెట్ల నష్టపరిహారం పాసుపుస్తకం ఎవరి పేరునుంటే వాళ్ల ఖాతాలో పడింది. మా వాటా ఎంతో నాకు ఇప్పటికీ తెల్దు. బావ చెప్పలేదు.

ఇప్పుడు అసలు మాట. ఒక రోజు సోంపేట వెళ్లడానికి ఆటోకి, మందులకి కలిపి మూడు వేలు అడగడానికి నేనే బావ ఇంటికెళ్లాను. ఆయన వాకిట్లో కాయలు లెక్కెడతన్నాడు. కూర్చోమనలేదు. నేను చెప్పిందంతా విన్నాడు. లెక్క తప్పుతాదని నోట్లో అంకె అనుకుంటానే విన్నాడు. తర్వాత రెండు కాయలు తీసి నా చేతిలో పెట్టి "పచ్చడి చేసుకో" అన్నాడు.

మా ఆయన 2020 ఫిబ్రవరిలో పోయాడు. అన్నదమ్ములు మళ్లీ మాటాడుకోలేదు. పెట్టె మోసినోళ్లలో ముందు బావే ఉన్నాడు.

డబ్బు సంగతి నేను మర్చిపోగలను. జీడి పనికెళ్తే రోజుకి మూడొందలొస్తే గొప్ప, అయినా పిల్లల్ని పస్తు పెట్టలేదు. ఆ రెండు కాయలు మాత్రం ఇక్కడ ఉండిపోయాయి. ప్రతి మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం నా దగ్గరికొస్తే పక్కావిడకి ఇచ్చేస్తన్నాను. నాలుగేళ్లు దాటింది. వెనక వరసలో ఆడోళ్లకి తెలుసు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" అని అందరితో పాటు నేనూ చెప్తాను, ఆ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిపోద్ది. ఋణం అంటే అప్పే కదా. ఆయన నాకు అప్పే కదా.

క్షమించాలని నాకూ ఉంది. క్షమించడమంటే ఆ కాగితం మీద సంతకం పెట్టడమేనా? పెట్టకపోతే నేను క్షమించనట్టా? మా అబ్బి హైదరాబాదులో పనిచేస్తన్నాడు, వాడికి ఇరవై ఏళ్లు. ఫోన్‌లో చెప్తే ఒకటే మాట అన్నాడు. (ఆ మాట నేను రాయను.)


సీయోను సైనికుడు

సిస్టర్, ప్రైజ్ ద లార్డ్. వాక్యం చాలా స్పష్టంగా ఉంది, ఆలోచించడానికి ఏమీ లేదు. మీరు క్షమించకపోతే మీ తండ్రి మిమ్మల్ని క్షమించడు. అంగీ అడిగినవాడికి పైబట్ట కూడా ఇచ్చేయమన్నాడు ప్రభువు. సంతకం పెట్టేయండి, దేవుడు నూరంతలుగా ఇస్తాడు. ఆమేన్.


పలాస పిల్ల

పైన రాసిన అన్నయ్యా, మీ పైబట్ట ఎవరికిచ్చారో కూడా రాయండి. ఈవిడ ఒంటి మీద ఉన్నది గుంజుకుపోయాక ఇంకా ఇవ్వమంటన్నారు. మా అమ్మ కూడా జీడి పీలింగే. ఆ చేతులు చూసినోళ్లెవరూ ఇంత బేగి ఆమేన్ అనరు.


బొబ్బిలి మాస్టారు

అమ్మా, వందనాలు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, మా గుడిలో డీకనుని. మీ అయ్యగారు చదివిన అధ్యాయమే మళ్లీ ఒకసారి చదవండి. డెబ్బది ఏళ్ల మారులు దగ్గర ఆపేయకుండా కిందికి వెళ్లండి.

అక్కడ ఒక రాజు ఉన్నాడు. మొదట ఏం చేశాడు? దాసుల దగ్గర లెక్క చూశాడు. ఒక దాసుడి బాకీ పదివేల తలాంతులు అని తేలింది. తేలాకే ఆ బాకీ కొట్టేశాడు. ఆ రోజుల్లో దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతు అంటే ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఎవడూ తీర్చలేనిది. ఆ దాసుడికి తోటి దాసుడు బాకీ పడ్డది నూరు దేనారాలు. దాన్ని చాలామంది బోధకులు చిల్లర అన్నట్టు చెబుతారు. చిల్లరేమీ కాదు. మీ జీడి పని లెక్కలో నూరు రోజుల కూలి, ముప్పై వేలు. యేసు ఆ బాకీ లేదనలేదు. ఎంతో అంకె చెప్పి మరీ క్షమించమన్నాడు. మీకు మీ బావగారు ఇంతవరకూ అంకె చెప్పలేదు. లెక్క తెలియని బాకీని ఎలా కొట్టేస్తారు?

ఇంకొకటి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి వెళ్లి సమాధానపడమన్న మాట మత్తయి అయిదులో ఉంది. మీరు పళ్లెం దాటించేయడానికి అదే కారణమనుకుంటాను. ఆ మాట సరిగ్గా చూడండి. నీ మీద నీ సహోదరునికి విరోధమేదైనా ఉందని గుర్తొస్తే, అని ఉంది. అంటే లేచి వెళ్లాల్సింది బాకీ పడ్డవాడు. నాలుగేళ్లుగా పళ్లెం మీరు దాటిస్తున్నారు. మీ బావగారు తీసుకుంటున్నారా?

ఇంతవరకూ మాస్టారుగా రాశాను. ఇక్కడి నుంచి వేరే రాస్తున్నాను. అమ్మా, నేను మీ వైపు మనిషిని కాను. మీ బావగారి వైపు మనిషిని.

మా అమ్మ పోతూ తన కంటె, రెండు జతల గాజులు చెల్లికిమ్మంది. అవి నా బీరువాలోనే ఉండిపోయాయి. 1998లో ఇంటికి స్లాబు వేస్తూ వాటిని కుదువ పెట్టాను, విడిపించలేదు, పోయాయి. చెల్లిని నెల్లిమర్ల ఇచ్చాం. బావకి మిల్లులో పని లేక ఇంట్లో పొయ్యి వెలగని నెలలున్నాయి. ఒకసారి అడిగింది. నేను గోడకేసి చూశాను. అప్పుడు తనే "ఒగ్గేసినాను లే అన్నయ్యా" అంది. ఆ మాట నేను రసీదులా జేబులో పెట్టుకున్నాను. పదకొండేళ్లు. గుడిలో క్షమాపణ మీద మాట్లాడమంటే నేనే ముందు లేచేవాణ్ణి. కానీ క్రిస్మస్‌కి చెల్లి ఇంటికి వెళ్తే దాని చేతి అన్నం నాకు లోపలికి దిగేది కాదు. ఏదో పనుందని లేచొచ్చేసేవాణ్ణి. దానికి లేని బరువు నాకు ఉండేది.

ఆదివారం బడిలో పిల్లలకి జక్కయ్య కథ (యేసుని చూడ్డానికి చెట్టెక్కిన సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నవాడు) చెబుతుంటే ఒక గుంటడు అడిగాడు: నాలుగంతలు ఇస్తానని అనకపోయినా యేసు వాళ్లింటికి వెళ్లేవాడా మాస్టారూ అని. ముందే వెళ్లాడురా, తర్వాతే వీడు ఇస్తానన్నాడు అని చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. నా చెల్లి ముందే నా ఇంటికి వచ్చేసింది. నేనే ఇంకా చెట్టు దిగలేదు. 2009లో చెల్లి నగలు మళ్లీ కొన్నాను, అంతే తూకం. బంగారం ధర దాదాపు నాలుగింతలయింది. జక్కయ్య లెక్క నాకే పడింది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి చెబుతున్నాను. మీ బావగారికి మీ సంతకం ఇస్తే ఆయనా దాన్ని జేబులో పెట్టుకుంటాడు. అన్నం దిగదు. అది ఆయనకు మీరు చేసే మేలు కాదు. కోపం మాత్రం వదిలేయండి. దాని కోసం ఆయన ఒప్పుకునే దాకా ఆగక్కర్లేదు. నా చెల్లి ఆగలేదు.


ప్లీడరు గుమస్తా

శ్రీకాకుళంలో ప్లీడరు గారి దగ్గర ఇరవై రెండేళ్లుగా గుమస్తాని. వాక్యం మాస్టారు చెప్పారు, నేను కాగితం సంగతి చెబుతాను.

అమ్మా, మీ మామగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన క్రైస్తవుడే అయితే, 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పెద్దకొడుకని ఎక్కువ ఏమీ రాదు. పిల్లలందరికీ సమానం. పాసుపుస్తకంలో పేరున్నంత మాత్రాన మిగతావాళ్ల వాటా ఎక్కడికీ పోదు. మామగారి తర్వాత మీ ఆయన బతికే ఉన్నారు కాబట్టి ఆయన వాటా ఆయనకు వచ్చేసినట్టే. ఆయన పోయాక ఆ వాటాలో మీకు మూడో వంతు, మీ పిల్లలకి మూడింట రెండు వంతులు.

అంటే ఆ కాగితం మీద మీరు వదులుకోగలిగింది మీ మూడో వంతు మాత్రమే. మిగతాది మీది కాదు. ఇరవై ఏళ్ల కొడుకు వాటా వాడు సంతకం పెడితేనే. ఇప్పుడు టైపు చేస్తున్న అమ్మాయి వాటా మీరు దానం చేయడానికి లేదు. క్షమించేటప్పుడు కూడా ఎవరి సొమ్ము వాళ్లే క్షమించాలి కదా.

కోర్టుకు వెళ్తే క్షమించనట్టే అని గుడిలో ఎవరైనా అంటారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఇద్దరు కొడుకులనీ పడుకున్న బండిలోనే తగలబెట్టారు. పిల్లలకి పదేళ్లు, ఆరేళ్లు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించానని అందరి ముందూ చెప్పింది. కేసు కేసులా నడిచింది, ప్రధాన దోషి ధారా సింగ్ జీవిత ఖైదుని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అంతమాత్రాన ఆవిడ క్షమాపణ అబద్ధమైపోలేదు. మీది అంత దాకా వెళ్లే తగువు కూడా కాదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు ఫీజు ఉండదు. కొరింథీయులకు పౌలు రాసింది బయటి కోర్టుకెక్కకుండా మనలో మనమే తేల్చుకోమనే కదా, దానికి దగ్గరగానే ఉంటుంది.

ఇంటికి తెచ్చిన కాగితం మీద ఇంట్లో సంతకం పెట్టకండి, అది ఎవరు తెచ్చినా సరే. నకలు అడగండి.

ఒక్క ప్రశ్న. ఆడపడుచులు ఉన్నారా? ఉంటే వాళ్లకీ సమాన వాటా.


ఉద్దానం అమ్మ

గుమస్తా గారూ, ఉంది. ఒక్కతే. ఇచ్ఛాపురం ఇచ్చారు. మా ఆయన కంటే రెండేళ్లు చిన్నది.

ఆమెని ఎవరూ అడగలేదు. బావ అడగలేదు. మా ఆయనా అడగలేదు. నేను కూడా అడగలేదు. కాయల డబ్బు సగం సగం అని ఇందాక నేనే రాయించాను. ఆ సగంలో ఆమెది ఉందని నాకు ఏ రోజూ తట్టలేదు.

(అమ్మ ఫోన్ తీసుకుని ఇదే చదువుతూ కూర్చుంది. నేను పడుకుంటున్నాను.)


పలాస పిల్ల

ఓలమ్మ.


ఉద్దానం అమ్మ
తొమ్మిది రోజుల తర్వాత

అందరికీ వందనాలు. ఏటయిందో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు.

సోమవారం పనికి సెలవెట్టి బావ ఇంటికెళ్లాను. ఒక్కదాన్నే. అయ్యగారిని పిలవలేదు, ముందు ఒక్కడిగా వెళ్లి చెప్పమనే కదా ఉంది ఆ అధ్యాయంలోనే. ఈసారి ఎవరూ కూర్చోమనే దాకా ఆగలేదు, అరుగు మీద నేనే కూర్చున్నాను. ఆ రెండు కాయల మాట చెప్పాను. ఏ పూట, ఏ చొక్కా వేసుకున్నాడు, నోట్లో ఏ అంకె దగ్గరున్నాడు, అన్నీ.

బావకి గుర్తు లేదు. అబద్ధమాడతన్నాడేమో అని మొహం చూసాను. నిజంగానే లేదు. "నేనలా అన్నానా?" అని మా అక్కని అడిగాడు. మా తోటికోడలు తల దించుకుంది. ఆమెకి గుర్తుంది. నాకు ఒక్కసారి ఒళ్లంతా నీరసం వచ్చేసింది. ఇన్నేళ్లు నేను మోస్తన్నది ఆయన ఇంట్లో ఎక్కడా లేదు. ఎవరి మీద కోపమెట్టుకున్నానో ఆ మనిషే అక్కడ లేనట్టుంది. మాస్టారూ, మీరన్నారు చూడండి, ఒప్పుకునే దాకా ఆగక్కర్లేదని. గుర్తే లేనోడు ఏటి ఒప్పుకుంటాడు. "ఒగ్గేసినాను బావా" అన్నాను. అది అనడానికి నేను వెళ్లలేదు, వచ్చేసింది నోట్లోకి.

కాగితం సంగతి కూడా చెప్పాను. సంతకం పెట్టను, తోట కొలిపిద్దాం, ముగ్గురికీ యాభయ్యేసి సెంట్లు అన్నాను. ముగ్గురేటి అన్నాడు. చెప్పాను. అప్పుడు కోపమొచ్చింది బావకి. కాయల గురించి చెప్తే రాని కోపం. "నీకెవరు నేర్పారు ఇవన్నీ" అన్నాడు. నేను లేచొచ్చేసాను. మా అక్క వీధి దాకా వచ్చి ఏటో అనబోయి అనలేదు.

అయ్యగారికి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏటీ అనలేదు. తర్వాత, ఆ రోజు నేను అక్కడే ఆ కాగితం వెనక్కి ఇచ్చేయమనాల్సిందమ్మా అన్నారు. పెద్దల్ని కూర్చోబెడతానన్నారు. చూడాలి. బావ వస్తాడో రాడో.

మా అబ్బికి ఇంకా కోపమే. వాడిది వాడు చూసుకోవాలి, నేను ఒగ్గేసానని వాడి తరఫున చెప్పలేను. గుమస్తా గారు చెప్పినట్టే, వాడి వాటా వాడిది.

నిన్న రాత్రి ఇచ్ఛాపురం ఫోన్ చేసాను. మా ఆయన పోయినప్పుడు వచ్చింది ఆమె, తర్వాత పండగలకి ఫోన్లే. నాది డెబ్బై ఐదు సెంట్లు అనుకున్నాను, యాభయ్యే అట, మిగతాది నీదట, నాకు తెల్దమ్మా అన్నాను. కాయల డబ్బు కూడా లెక్క కట్టాలి, ఒకేసారి ఇవ్వలేను, నెల నెలా ఇస్తాను అన్నాను. చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిపోయిందేమో అనుకున్నాను. తర్వాత నవ్వింది. "ఇన్నాళ్లకి గుర్తొచ్చానా ఒదినా" అంది.

ఇప్పుడు ఒక్కటి చెప్పండి. కొలతకి అర్జీ ఎక్కడ పెట్టాలి? అసలు బావ సంతకం కావాలా దానికి?


ప్లీడరు గుమస్తా

మీ సేవలో గానీ మీ ఊరి సచివాలయంలో గానీ పెట్టొచ్చమ్మా. ముందు సర్వే నంబరూ, మామగారి మరణ ధ్రువపత్రమూ దగ్గర పెట్టుకోండి. సంతకం మాట, పేరు మార్పిడి మాట కాగితాలు చూస్తే గానీ చెప్పలేను. ఒక రోజు శ్రీకాకుళం రండి. ఇచ్ఛాపురం అమ్మని కూడా తీసుకురండి.